ఏ వైపు నుంచి కొట్టాలి

గోడగడియారం పది కొట్టేసరికి దుకాణంలో పరిస్థితి ఇదీ. లైసెన్సుల ఆఫీసరు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎండైనా వానైనా చంకలోంచి గొడుగు దించడు కాబట్టి వీధి వీధంతా ఆయన్ని గొడుగు ఆఫీసరంటుంది. తుపాకులు బాగుచేసే ఈ దుకాణం లైసెన్సు ఆయన ఒళ్ళో ఉంది. ఆయన తెచ్చిన రివాల్వరు బల్ల మీద వైస్ నోట్లో, రెండు ఇనుప దవడల మధ్య బిగించి ఉంది. దాని గొట్టం చివర, గురి చూసేవాడి కంటికి ఆనవాలుగా నిలబడే చిన్న ఇనుపరెక్క ఒకటి ఉంటుంది. ఫ్రంట్ సైట్ అంటారు. అది గాడిలో బిగుసుకుపోయి, మూడు దుకాణాల వాళ్ళని ముప్పుతిప్పలు పెట్టి, ఇప్పుడు ఇక్కడికి చేరింది.

బల్ల ముందు నిలబడింది ఈ ఇంటి కోడలు. పక్షవాతంతో ఆమె మామగారి కుడిచేయి పడిపోయి రెండేళ్ళయింది. లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో ఆ మొగుడేమో, పద్నాలుగు నెలల కిందట "స్క్రూలు తెస్తా" అని బజారుకి వెళ్ళినవాడు మళ్ళీ గుమ్మం తొక్కలేదు. ఉన్నాడో పోయాడో చెప్పే దిక్కు లేదు. పనిచేసే చేయి లేని దుకాణానికి సీలు వేస్తానని వచ్చిన ఆఫీసరుతో "పని నాకొచ్చు సార్" అనేసింది కోడలు.

"అయితే సరే. పన్నెండు లోపల ఈ సైట్ ఊడదియ్యి. గొట్టం మీద వెంట్రుకంత గీత పడకూడదు. ఊడితే లైసెన్సు నీ పేర రాస్తాను. ఊడకపోతే తాళం నేనే వేసుకుపోతాను" అన్నాడాయన.

మిగిలింది రెండు గంటలు. కోడలు కొంగు బిగించింది.

"అమ్మా, తూటాలు చూశావా?" మూలనున్న వాలుకుర్చీలోంచి మామగారు అడిగారు.

"చూశాను మామయ్యా. ఆరు గదులూ ఖాళీ."

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూసింది. తూటాల చక్రాన్ని పక్కకి తెరిచి, కిటికీ వెలుతురుకి ఎదురుగా వంగి, ఆరు కన్నాల్లోంచి ఆరు గుండ్రటి వెలుగుచుక్కలు లెక్కపెట్టింది. ఈ ఇంట్లో మూడుసార్లు చూసినవాళ్ళయినా నాలుగోసారి చూడాల్సిందే. అన్నం పెట్టే పని ఇదే, అజాగ్రత్తగా ఉంటే ప్రాణం తీసే పనీ ఇదే.

వైస్ దవడలకి తోలుముక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో తడిమి చూసుకుంది. గొట్టం మూతి తనకి అవతలికి ఉంది. మొద్దు మేకులాంటి ఇత్తడి పంచ్ కొసని సైట్ ఎడమ చెంపకి ఆనించి, చిన్న సుత్తి ఎత్తింది.

"ఏమే! ఇప్పుడే కళ్ళు మూసింది పిల్ల. కాస్త నెమ్మదిగా కొట్టు" తెర వెనక నుంచి అత్తగారు. ఆవిడ ఉయ్యాల ఊపుతోంది.

"సుత్తితో నెమ్మదిగా ఎలా కొడతారత్తయ్యా?"

"నీ మొగుడు కొట్టేవాడు కాదూ! పిల్లి నడిచినట్టు..."

ఆ మాటతో ఉయ్యాల చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది. కోడలు పెదవి కొరుక్కుని సుత్తి వేసింది.

టంగ్.

ఏమీ కదల్లేదు. ఇంకోటి వేసింది. ఇంకోటి. సైట్‌లో ఉలుకూ లేదు, పలుకూ లేదు. తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు గాడిలో వేసి, అది లోపలికి దిగేదాకా గడియారం వంక చూడకుండా ఉండటానికి నానా తంటాలూ పడింది. ఎదురుగా ఉంది పాడు గడియారం, ఎటు తిరిగినా అదే కనిపిస్తుంది. పదీ ఇరవై. పదిన్నర. మళ్ళీ పది దెబ్బలు వేసి మణికట్టుతో నుదురు తుడుచుకుంది.

"మూడో దుకాణం అతను కూడా సరిగ్గా ఇక్కడే ఆగి చెమట తుడుచుకున్నాడు" అన్నాడు ఆఫీసరు.

"చెమట తుడుచుకున్నా ఫెయిలేనా సార్?"

"లేదులే. తుడుచుకో."

తెర వెనక అత్తగారు కిసుక్కున నవ్వింది. పక్క కొట్టులో సైకిలు చక్రానికి ఊచలు బిగిస్తున్న మనిషి కూడా పని ఆపి కిటికీలోంచి తొంగి చూస్తున్నాడు. "ఏంటమ్మాయ్, వచ్చిందా?" అని ఆయన అడగటమూ, "నీ పని నువ్వు చూసుకోవయ్యా" అని మామగారు గదమటమూ అయ్యాయి.

ఇక వేడి. టంకం వేసే కాడని ఎర్రగా కాల్చి సైట్ కొసకి మాత్రమే తాకించింది. గొట్టానికి తగిలిందా, నల్లటి నిగనిగ కాస్తా మాసిపోతుంది. అది గీత కంటే ఘోరం. నూనె పొగ కమ్మింది, కళ్ళు మండాయి. చల్లారేలోపల పంచ్ ఆనించి గట్టిగా వేసింది దెబ్బ.

పంచ్ జారింది!

ఆఫీసరు కుర్చీలోంచి లేచి, జేబులోంచి భూతద్దం తీసి, గొట్టం మీద ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. ఎంతసేపు చూశాడో! ఒక యుగంలా గడిచింది.

"గీత పడలేదు. తోలుముక్కకి తగిలింది" అని, పోయి మళ్ళీ కూర్చున్నాడు. "కానీ ఇంకో పావుగంటలో పదకొండున్నర."

తాళం పడితే ముందు పోయేది ఈ బల్ల. దాంతోపాటు ఈ వెనక రెండు గదులు, ఉయ్యాల కట్టిన దూలం. ఆ తరవాత ఈ ముసలివాళ్ళని, చంటిదాన్ని వెంటపెట్టుకుని ఎక్కడికని పోవాలి? మొగుడు ఎప్పుడైనా తిరిగొస్తే, వచ్చేది ఈ గుమ్మానికే కదా. ఇక్కడ తాళం వేలాడుతుంటే ఏ గుమ్మం తడతాడు?

మళ్ళీ సుత్తి ఎత్తబోయింది.

"ఆపమ్మా" అన్నారు మామగారు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన మాట నిదానం. "కొట్టింది చాలు. ఇప్పుడు చూడు."

"ఏం చూడను మామయ్యా?"

"ఏమో. ఇంతసేపూ చేతులతో పని చేశావు. కళ్ళతో ఇంకా మొదలుపెట్టలేదు."

ఆమె ఆఫీసరు దగ్గరికి వెళ్ళి చేయి చాపింది. ఆయన ఒక్క క్షణం తటపటాయించి భూతద్దం ఇచ్చాడు. కిటికీ రెక్క పూర్తిగా తెరిచి, సైకిలు మనిషిని పక్కకి జరగమని చెప్పి, వంగింది.

సైట్ ఎడమ చెంప మీద దెబ్బల మచ్చలు. మూడు దుకాణాలవీ, తనవీ. అందరూ కొట్టింది ఎడమ నుంచే. అందులో తప్పేముంది? ఈ పనిలో ఓనమాలే అవి కదా. కుడి నుంచి కొట్టి ఎక్కించాలి, ఎడమ నుంచి కొట్టి తీయాలి. కళ్ళు మూసుకుని అడిగినా చెబుతారు ఎవరైనా. మామగారు ఎన్నివేలసార్లు అలా తీసి ఉంటారు!

మరి ఎందుకు రాదు?

ఏం తోచక, బల్ల మీదున్న టీ పొట్లంలోంచి వెండికాగితం చిన్న ముక్క చింపింది. గాడికీ సైట్ అడుక్కీ మధ్య సందు ఏమైనా ఉందేమోనని కుడి పక్కన దూర్చబోయింది. దూరలేదు. ఎడమ పక్కన పెట్టింది. గోరంత మేర జారుకుంటూ లోపలికి పోయింది.

మళ్ళీ కుడి. ఊహూ. మళ్ళీ ఎడమ. పోయింది.

గాడి ఎడమ పక్క వెడల్పు, కుడి పక్క ఇరుకు. అంటే ఈ సైట్ ఎడమ నుంచి లోపలికి దిగింది! తలుపు కింద చెక్కముక్క తోసినట్టే. తోసిన వైపు నుంచే ఇంకా ఇంకా తంతే, అది ఇంకా ఇంకా బిగుసుకోకేం చేస్తుంది? ఇంతసేపూ తను తీయలేదు. ఎక్కిస్తోంది! మూడు దుకాణాల వాళ్ళూ సుత్తి పట్టుకుని కష్టపడి దీన్ని లోపలికి దించి పంపించారు!

నవ్వొచ్చింది ఆమెకి. ఆ నవ్వు పెదాల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఎడమ నుంచి ఎక్కించే మనిషి ఎవరు? సుత్తి ఎడమచేతిలో ఉన్న మనిషి.

భూతద్దం ఇంకా దగ్గరికి జరిపింది. సైట్ అడుగు అంచున ఆకురాయితో అరగదీసిన సన్నగీతలు. అందరి గీతలూ వాలే వైపుకి కాదు, రెండో వైపుకి వాలి ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి, దువ్విన జుట్టులా. ఆ వాలు ఆమెకి తెలుసు. పెళ్ళైన కొత్తలో ఇదే బల్ల దగ్గర, "అన్నీ తిరగేసి చేస్తావురా నువ్వు! నువ్వు పెట్టింది ఇంకొకడు తీయగలడా?" అని మామగారు కసురుతుంటే, "ఇంకొకడు ఎందుకు తీయాలి నాన్నా? నేనున్నాగా" అని ఎడమచేత్తో సుత్తి తిప్పుతూ తనవైపు కన్నుగీటిన మనిషి గుర్తొచ్చాడు.

ఆయనదే. ఇది ఆయన చేయే!

కళ్ళు చెమర్చాయి. గీతలు అలుక్కుపోయాయి. ఈ ఇనుపముక్కని ఆయన వేళ్ళు పట్టుకున్నాయి. ఎప్పుడు? ఎక్కడ? వెళ్ళకముందా, వెళ్ళాకనా? గట్టిగా అరిచి అత్తగారిని పిలవాలనిపించింది. కానీ గుమ్మంలో గొడుగు ఉంది, ఒళ్ళో కాగితం ఉంది, గోడమీద పన్నెండుకి పన్నెండు నిమిషాలుంది.

భూతద్దం కింద పెట్టి, బల్ల చుట్టూ తిరిగి కుడి పక్కకి వెళ్ళింది. పంచ్‌ని సైట్ కుడి చెంపకి ఆనించింది.

"అదేంటమ్మా!" ఆఫీసరు లేచి నిలబడ్డాడు. "కుడి నుంచి కొడతావా? ఇంకా బిగుసుకుంటే?"

"కుడి నుంచా?" మామగారి గొంతు.

"అవును మామయ్యా. కుడి నుంచి."

ఆయన ఇంకేదో అనబోయారు. అనలేదు. కోడలి మొహంకేసి చూస్తుండిపోయారు. వాలుకుర్చీ కిర్రుమనడం కూడా మానేసింది.

మొదటి దెబ్బ. ఈసారి టంగ్ అనలేదు. టిక్ అంది. ఇనుము ఒప్పుకున్నప్పుడు చేసే చప్పుడు అది.

రెండో దెబ్బ. సైట్ ఎడమ అంచు గాడి బయటికి వెంట్రుకంత తొంగి చూసింది.

"వస్తోంది! అమ్మాయ్, వస్తోంది!" కిటికీలో సైకిలు మనిషి ఎగిరి గంతేశాడు. ఈసారి ఆయన్నెవరూ గదమలేదు.

మూడు, నాలుగు, ఐదు. కోడలి చేయి ఆగలేదు. తొందరపడలేదు కూడా. ఆరో దెబ్బకి సైట్ గాడిలోంచి గెంతి, బల్ల మీద రెండుసార్లు ఎగిరి, సూదుల డబ్బా మీద పడి గణగణ మోగింది. ఆ మోతకి చంటిది కెవ్వుమని లేచింది.

"లేపేశావు కదే తల్లీ!"

"ఏడవనివ్వండత్తయ్యా! ఎంతసేపైనా ఏడవనివ్వండి! ఊడింది!"

అత్తగారు పిల్లని భుజాన వేసుకుని తెర తోసుకుని వచ్చింది. ఆవిడకి సైట్ అంటే ఏమిటో, గాడి అంటే ఏమిటో యాభయ్యేళ్ళ కాపురంలోనూ పట్టలేదు. అయినా కోడలి తల రెండు చేతుల్లోకీ లాక్కోబోయి, పిల్ల అడ్డమొచ్చి, ఇద్దరినీ కలిపి వాటేసుకుంది. "చూశారా బాబూ మా కోడలిని! పదో క్లాసు కూడా పూర్తి చెయ్యనివ్వలేదు వాళ్ళ నాన్న. చదివుంటే ఈపాటికి మీ కుర్చీలో కూర్చునేది!"

"నాకూ అలాగే అనిపిస్తోందమ్మా" అన్నాడు ఆఫీసరు. గొట్టాన్ని ఆ మూల నుంచి ఈ మూలకి భూతద్దంతో చూశాడు. గీత లేదు, మచ్చ లేదు. పన్నెండుకి ఏడు నిమిషాలుండగా, లైసెన్సు మీద పాత పేరు పక్కన కొత్త పేరు రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టాడు.

ఇవ్వడానికి చాపిన కాగితం సగం దారిలో ఆగింది.

"ఒక్క మాట చెప్పమ్మా. మూడు దుకాణాల వాళ్ళకి తట్టంది నీకెలా తట్టింది?"

"కాగితం దూరింది సార్. ఎడమ పక్క."

"అది నేనూ చూశాను. ఆ తరవాత ఇంకోటి చూశావు నువ్వు. అదేంటో అడుగుతున్నాను."

ఆమె పంచ్‌ని గుడ్డతో తుడుస్తోంది. ఆఫీసరు గొడుగుని చంకలోంచి తీసి గోడకి ఆనించాడు. ఆయన గొడుగు దించడం ఈ వీధిలో ఎవరూ చూసి ఉండరు. తోలుసంచీ విప్పి, అందులోంచి గుడ్డమూట తీసి బల్ల మీద పరిచాడు. నాలుగు రివాల్వర్లు.

"దాంతో కలిపి ఐదు. ఒక్కదానికీ కాగితాల్లేవు. ఎవరో పాత ఇనుము కొని, బాగుచేసి, చాటుగా అమ్ముతున్నారు. మొదటిది, అదే నువ్వు ఊడదీసింది, ఎనిమిది నెలల కిందట దొరికింది. ఐదింటికీ సైట్ ఎక్కించింది ఒకటే చేయి. ఆ చేయి కోసం దుకాణం దుకాణం తిరుగుతున్నాను. పనిమంతులు చాలామంది ఉన్నారు. ఆ చేతిని గుర్తుపట్టే కళ్ళు నీ దగ్గరే దొరికాయి."

ఎనిమిది నెలలు! ఆయన వెళ్ళింది పద్నాలుగు నెలల కిందట. అంటే వెళ్ళాక కూడా ఆరు నెలలకి బతికే ఉన్నాడేమో! ఆగలేక ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంది. చక్రం తెరిచి ఖాళీగా ఉందో లేదో చూడటం, గాడి చూడటం. ఒకటి, ఎడమ నుంచే. రెండు, ఎడమ నుంచే. మూడు, ఎడమ నుంచే. నాలుగోదాని గాడి అంచున వేలు పెట్టేసరికి వేలికి నూనె అంటింది. ఇంకా ఆరని నూనె. ఆకురాయి గీతలు ఇంకా తెల్లగా మెరుస్తున్నాయి.

"అది మొన్న మంగళవారం దొరికింది" అన్నాడు ఆఫీసరు ఆమె వేలికేసి చూస్తూ. "ఇక్కడికి నాలుగు వీధుల అవతల."

నాలుగు వీధులు. సంతోషమూ భయమూ ఒక్కసారే వచ్చి మీద పడితే మనిషి ఏం చెయ్యాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు. బతికున్నాడు. ఇక్కడే ఉన్నాడు. చెబితే జైలుకి పోతాడు.

"చెప్పమ్మా. ఈ చేయి ఎవరిది? చెబితే కాగితం నీది. దాచావో, దొంగపనికి తోడున్న దుకాణమని రాసి, ఇదే కాగితం ఇప్పుడే చింపుతాను."

అత్తగారు పిల్ల వీపు తట్టడం ఆపేసింది. ఆవిడకీ ఏదో అర్థమవుతోంది.

"నాది" అన్నారు మామగారు.

అందరూ అటు తిరిగారు. ఆయన వాలుకుర్చీ చేతిని పట్టుకుని లేస్తున్నారు.

"మీదా?" ఆఫీసరు కనుబొమలు పైకి లేచాయి.

"నాదే. కుడిచేయి పడిపోయిందని లోకమంతా చూసింది. రెండోది ఉందని ఎవరూ చూడలేదు. ఎడమచేత్తో కొడితే ఎడమ నుంచి కాక ఎటునుంచి ఎక్కుతుంది? ఆ పిల్లకేం తెలీదు. రాసుకోండి."

"ఏవండీ, మీకేమైనా మతి పోయిందా?" అత్తగారు గొల్లుమంది.

"నువ్వూరుకో."

కొడుకు కోసం అబద్ధమాడుతున్నారు. కోడలికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తను కుడి పక్కకి మారినప్పుడే ఆయనకి అంతా తెలిసిపోయి ఉంటుంది. ఇంత మంచి అబద్ధం, ఇంత అతికినట్టు సరిపోయే అబద్ధం! ఇది నిలబడితే అందరూ గండం గట్టెక్కుతారు, ఆయన తప్ప.

ఆఫీసరు ఊడిన సైట్‌ని సూదుల డబ్బా మీద నుంచి తీసి, గాడి ఎడమ మూతి దగ్గర నిలబెట్టాడు. సుత్తి తీసుకుని, పిడి ముందుకి వచ్చేలా తిప్పి, ముసలాయనకి అందించాడు.

"అయితే ఎక్కించి చూపించండి పెద్దాయనా. మూడే దెబ్బలు. గొట్టం మీద గీత పడకూడదు."

రెండేళ్ళుగా ఆ నోటికి ప్రతి ముద్దా తనే అందిస్తోంది. ఆ ఎడమచేత్తో మంచినీళ్ళ గ్లాసు పట్టుకోబోతే, అది వణికి సగం చొక్కా మీదే ఒలికేవి. మొన్న పొద్దున గుండీ పెట్టుకోలేక, చిన్నపిల్లాడిలా తల తిప్పుకున్నారు. "మామయ్యా, వద్దు" అందామనుకుంది. అంటే అబద్ధం అక్కడికక్కడే తెల్లారిపోతుంది. ఊరుకుంది. ఒక్క అడుగు ముందుకేసి పంచ్‌ని సైట్ మీద తానే పట్టుకుంది. దెబ్బ తప్పితే తగిలేది తన వేళ్ళకే.

ముసలాయన ఎడమచేయి సుత్తి పిడి చుట్టూ ముడుచుకుంది. బొటనవేలు పిడి మీదకి నిటారుగా జరిగి, ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నట్టు కుదురుగా కూర్చుంది. సుత్తి గాల్లోకి లేచింది. ఆయన చెప్పింది నిజంగా అబద్ధమేనా?

ఆ చేయి వణకడం లేదు.